విశ్రాంతి అక్షరాలు పడ్డాక

61వ ఏడు, 112వ రోజు

ఈ పాత గని బాయిలో, మూడో మట్టం కుంగు పుస్తకం రాసే పని ఇవాళ్టి నుంచి నా మీద పడింది. ఇదివరకు రాసే ఆవిడకు చూపు పోయింది. మట్టంలో మిగిలిన రెండు వందల తొంభై మందిలో వాక్యం తప్పు లేకుండా రాయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. బడిలో నేర్చుకున్నది కాదు. మా నాయన వదిలిపోయిన గ్రంథాన్ని ఒళ్ళో పెట్టుకుని, నెత్తి దీపం వెలుగులో ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి నేర్చుకున్నది.

పేరు, పుట్టగొడుగు ముద్ద మానేసి ఎన్ని రోజులైంది, బొమ్మ చీటీ ఇచ్చామా లేదా, బొమ్మ చూశాక తిన్నారా. కాంపౌండరు షాహీన్ ఇంతే రాయమంది. "ఈ పుస్తకంల మీ ప్రసంగాలు రాయకుండ్రి అయ్యగారూ," అని కూడా అంది. రాస్తాను. ఈ పుస్తకం ఎప్పుడో ఒకప్పుడు ఎవరో చదువుతారు. వాళ్ళకు సత్యం తెలియాలి.

పొద్దున రెండు గంటలు పంపు తొక్కాను. పుట్టగొడుగు మళ్ళకు తడి పెట్టాను. తర్వాత నలుగురికి బొమ్మ వేశారు.

కుంగు అంటే జ్వరం కాదు, నొప్పి కాదు. మనిషి ఒక పూట ముద్ద పక్కకు జరుపుతాడు. మరుసటి వారం గోడ వైపు తిరిగి పడుకుంటాడు. ఆ తర్వాత ఆ మనిషిని ఇటు తిప్పడం ఎవరివల్లా కాదు. మా అమ్మ అలాగే పోయింది. ఈ బాయిలోకి దిగిన తొలి ఏళ్ళలో ఎవరో కనిపెట్టారట, కుంగినవాళ్ళను తెర ఉన్న ఆ గదిలో కూర్చోబెట్టి బొమ్మ చూపిస్తే బయటికొచ్చి ఆకలి అంటారని. మా దగ్గరున్నది ఒకటే బొమ్మ. మీద ఎండ ఇంకా మనుషుల్ని బతకనిచ్చిన కాలంలో తీసింది. ఒక ఇల్లు, అత్త, కోడలు, తప్పిపోయిన మేక. అరవై ఏళ్ళుగా చూసిందే చూస్తున్నారు. ఇవాళ్టి నలుగురూ బయటికొచ్చి ఆకలి అన్నారు. ఇది నేను దాచను.

నేను ఆ గదిలో అడుగు పెట్టలేదు. తలుపు బయట బండ మీద నిలబడి గ్రంథం విప్పుతాను. పదహారేళ్ళుగా ప్రతి ఆటకూ నిలబడుతున్నాను. విడుదల పొంది ఎడారిలో నడిచినవాళ్ళు, వెనక వదిలిన ఐగుప్తు చేపల్నీ కీరకాయల్నీ తలుచుకుని ఏడ్చారు కదా, మీరూ పోయిన వానను చూసి ఏడుస్తున్నారు, అని గొంతు చించుకుంటాను. బొమ్మ చేసుకోవద్దని ఆజ్ఞ. వీళ్ళు తలుపు మీద సుద్దతో బొమ్మ అనే రాసుకున్నారు.

గోడలోంచి ప్రతి మాటా వినిపిస్తుంది కాబట్టి చూడకపోయినా మొత్తం నాకు కంఠస్థం. నా ఒళ్ళు మండేది చివరి ఎనిమిది నిమిషాలకు. మాట ఉండదు, పాట ఉండదు. ఒక్క మనిషి చప్పట్లు. మెత్తగా, ఆగి ఆగి, ఒక తాళంతో. ఆజ్ఞలు పట్టుకుని కొండ దిగి వచ్చిన ఆ పెద్దాయన చెవిన పడినది ఈ చప్పుడే అయ్యుంటుంది. బంగారు దూడ చుట్టూ ఆడినవాళ్ళు ఇలాగే కొట్టి ఉంటారు.

చప్పట్లు ఆగాక అందరూ ఒక్క గొంతుతో "విశ్రాంతి" అంటారు. బొమ్మ చివర తెర మీద ఆ అక్షరాలు పడతాయట. ఒకసారి వాటిని సుద్దతో గోడ మీద దింపి, ఇదేమిటో చదవమని నన్నే అడిగారు. చదివాను. పరిశుద్ధులు నిద్రించాక పొందేదాన్ని ఈ యంత్రం దొంగిలించిందని చెప్పాను. వాళ్ళకు మాట నచ్చింది, నా కోపం నచ్చలేదు.

119వ రోజు

పంపు తొక్కడం. మళ్ళలో నల్ల మచ్చ కనిపించింది, తీసేశాం. కుంగినవారు ఆరుగురు.

యంత్రం నడిపే ఓదెలు నా ఈడువాడు. నన్ను బావా అంటాడు. చుట్టరికం లేదు, ఎగతాళికి. ఆట అయ్యాక నా బండ మీదే కూర్చున్నాడు.

"ఇంక నాలుగు ఆటలే బావా. ఆ తర్వాత నీ ప్రసంగం గోడకే చెప్పుకోవాలె."

"దేవుడు చాలించిండు," అన్నాను.

"దేవుడు కాదు, దీపం. బొమ్మ ఉన్న పలకను చదివే దీపమే దాన్ని కాలుస్తది. ఇప్పటికే సగం తెల్లగ కొడుతున్నది. మొఖాలు లేవు, ఒట్టి గొంతులు. రెండోది ఉంటే మన తర్వాతోళ్ళకు కూడ వస్తుండె."

కోపంగా అనలేదు. తడి ఎంతుందో చెప్పినట్టు చెప్పాడు. అయినా రాస్తాను.

అయిదేళ్ళ కింద పెట్టెలో ఇంకో పలక ఉండేది. మైనం గుడ్డ చుట్టి ఉంది, ఎవరూ విప్పలేదు. మీద 'రెండవది' అని ఉంది. మొదటిది అరిగాక వాడుకుందామని దాచారు. ఆ నెలలో బొమ్మ చూసి కూడా పదకొండుమంది పోయారు. ఆదివారం నేను లేచాను. ఒకటి అరిగిపోతే రెండో బొమ్మ చాటున దాక్కుందామని చూసే జనాన్ని దేవుడు ఎలా నమ్ముతాడని అడిగాను. కాల్చేద్దామని చేతులు లేచాయి. నేనే కొలిమిలో వేశాను. నీలం మంట వచ్చింది. నా జన్మలో అంత గొప్పగా ఎప్పుడూ ప్రసంగించలేదు.

126వ రోజు

కుంగినవారు ఆరుగురు. ఇద్దరికి చీటీ. ఆట పడింది, ఇంక మూడు. ఇద్దరూ తిన్నారు.

కరుణ ముద్ద సగం వదిలేసింది. మళ్ళలో వంగి వంగి అలిసిపోయి ఉంటుంది. నా భార్యను కుంగినవాళ్ళ లెక్కలో ఎక్కించాల్సిన అవసరం లేదు.

128వ రోజు

కరుణ ఇవాళా వదిలేసింది. అలసట.

ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆమె ఆ గదిలోకి పోతానని ఒక్కసారే అడిగింది, మా పాప పోయిన ఏడు. నేను గ్రంథం తెచ్చి చేతిలో పెట్టాను. ఆమెకు చదవడం రాదు. సాయంత్రం దాకా దాన్ని అలాగే పట్టుకుని కూర్చుంది.

131వ రోజు

షాహీన్ మా గూటికి వచ్చింది. కరుణ నాలుక చూసింది, కనురెప్ప కిందికి లాగి చూసింది. బయటికొచ్చి బొమ్మకు ఎర్ర చీటీ రాసి నా చేతికిచ్చింది.

"కరుణత్త పేరు లెక్కల లేదేంది అయ్యగారూ?"

"ఉపవాసం ఉన్నది."

"ఉపవాసం ఉన్నోళ్ళు గోడను చూడరు. ఈ వారం తీస్కపోండ్రి."

చీటీని గ్రంథంలో పెట్టాను.

133వ రోజు

ఆట పడింది. ఇంక రెండు. నేను బండ మీద నిలబడ్డాను. కరుణను తీసుకుపోలేదు. పదహారేళ్ళు జనానికి మూసిన తలుపును నా ఇంటికి తెరిస్తే, నా మాట విని ఆ తలుపు దాటకుండా చచ్చిపోయినవాళ్ళకు ఏం జవాబు చెప్పను? అలాంటివాళ్ళు ఉన్నారు. తొమ్మిదిమంది. పేర్లు నాకు తెలుసు.

ఇంటికొచ్చి ఆమె పక్కన కూర్చుని చదివాను. ఎండిన ఎముకల లోయ, ఊపిరి వచ్చి లేచిన జనం. బాగా చదివాననే అనుకున్నాను. గోడ వైపు నుంచే కరుణ అంది.

"నీ గొంతు బయట్నుంచి వస్తున్నట్టున్నదయ్యా. తలుపవతల నిలబడి ఎవల్నో తిడుతున్నట్టు."

140వ రోజు

దీన్ని ఉన్నదున్నట్టు రాస్తాను.

కుంగినవారు పదిమంది. అయిదుగురు లోపల ఉన్నారు. నేను బండ మీద గ్రంథం విప్పి చెయ్యెత్తగానే పుటల్లోంచి ఎర్ర చీటీ జారింది. తలుపు దగ్గరున్న ఓదెలు తీశాడు. వాడికి చదువు రాదు. రంగు తెలుసు.

"ఎవరిది బావా?"

చీటీ కోసం చెయ్యి చాపాను.

"అక్కదా?" అన్నాడు. ఆ గొంతులో ఎగతాళి లేదు. "ఎన్ని దినాలాయె?"

"తొమ్మిది."

తలుపు తెరిచి పట్టుకున్నాడు. లోపల్నుంచి వాన చప్పుడు బయటికొచ్చింది. "ఇంకా నలభై నిమిషాల బొమ్మ ఉన్నది. ఉరుకు. నువ్వొచ్చేదాక తలుపు ముయ్య."

మా గూడు అక్కడికి రెండు వందల అడుగులు. పోలేదు. నా ముందు ఇరవైమంది నిలబడి వింటున్నారు. నేను గ్రంథం మళ్ళీ విప్పి, ఎక్కడ ఆపానో అక్కడి నుంచి మొదలుపెట్టాను. ఓదెలు తలుపు వేసుకున్నాడు. చప్పట్లు మొదలయ్యాయి. వాటికి మించి అరిచాను.

ఇంక ఒకటి.

141వ రోజు

పేరు: మట్ట కరుణమ్మ. వయసు యాభై మూడు. ముద్ద మానేసి పది రోజులు. చీటీ ఇచ్చినది 131న. దాచినవాడు భర్త, మట్ట జకరయ్య, ఈ పుస్తకం రాసేవాడు.

షాహీన్ కూడబలుక్కుంటూ ఇది చదివింది. నన్ను తిట్టలేదు. "ఏడో దినం వరకైతే బొమ్మ పనిచేస్తది అయ్యగారూ. ఆపైన పేగు ఒప్పుకోదు," అంది. తర్వాత, "మీరెట్లైనా తీసుకపోండ్రి," అంది.

147వ రోజు. చివరి ఆట

కరుణను వీపు మీద వేసుకుని పోయాను. తడి గుడ్డంత బరువు ఉంది. వాకిట్లో జనం నిలబడ్డారు. బండ ఖాళీగా ఉండడం చూసి ఎవరో, "అయ్యగారికి ఇయ్యాల సెలవా?" అన్నారు. ఇంకొకరు నోరు మూయించారు. ఓదెలు ముందు వరసలో చోటు ఉంచాడు.

మొదట ఏమీ కనిపించలేదు. తెరంతా తెల్లటి కాల్పు మచ్చలు. వాటి మధ్య ఒక చీర అంచు, ఒక మేక చెవి, తడిసిన గడప. గొంతులన్నీ నాకు తెలిసినవే. ఒక్కొక్క గొంతుకు ముఖం ఉందేమోనని వెతుక్కుంటూ కూర్చున్నాను. నా పెదాలు వాళ్ళకన్నా ముందే మాటలు పలుకుతున్నాయి. పక్కనున్న ముసలామె తెర వదిలి నా పెదాలనే చూసింది.

తర్వాత చప్పట్లు. ఆ ముక్క పెద్దగా కాలలేదు. పొయ్యి ముందు ఒక ఆడమనిషి కూర్చుంది. తెల్లటి ముద్ద తీసుకుని ఒక అరచేతి మీద వేసి రెండో అరచేత్తో కొడుతోంది. కొడుతూ తిప్పుతోంది. ముద్ద సాగి, సాగి, చందమామంత గుండ్రంగా అయింది. దాన్ని పొయ్యి మీద కాగిన పెంకు మీద వేసింది. అది పొంగింది.

"ఏం చేస్తున్నది?" అని ఓదెలును అడిగాను.

"రొట్టె బావా. జొన్నరొట్టె. మా తాత చెప్తుండె, గట్లనే కొట్టి చేస్తుండ్రంట."

ముప్పై ఏళ్ళు నేను పుట్టగొడుగు ముక్క విరిచి, ఇది రొట్టె అని జనం నాలుక మీద పెట్టాను. ఆకాశం నుంచి దిగివచ్చిన రొట్టె, విరువబడిన రొట్టె, అయిదువేలమందికి సరిపోయిన రొట్టె. ఆ మాట పలకని ఆదివారం లేదు. రొట్టె చేసే చప్పుడు పదహారేళ్ళు నా చెవిలో పడుతుంటే, అది దూడ ముందు ఆట అన్నాను. ఆ మాట విని తొమ్మిదిమంది ఆకలితో పోయారు.

ఆ ఇంట్లో పోట్లాడుకున్నవాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి పొయ్యి చుట్టూ కూర్చున్నారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. కోడలు మాత్రం గడప దగ్గర నిలబడింది. పొయ్యి ముందున్న అత్త తలెత్తి చూసింది. రొట్టె కొట్టే చెయ్యి గాలిలో ఆగింది. బొమ్మ అలాగే ఆగిపోయింది. అక్షరాలు పడ్డాయి. గదిలో అందరూ ఆ మాట అన్నారు. నా భుజం మీది నుంచి కరుణ కూడా అంది.

పలక చిటపటమని పొగ వచ్చింది.

బయటికి తెస్తుంటే కరుణ అడిగింది. ఈ మట్టంలో అరవై ఏళ్ళుగా అందరూ వాదించుకునే సంగతే. కోడలు వచ్చి కూర్చుందని సగంమంది అంటారు, లేదని సగంమంది.

"ఆ పిల్ల కూసున్నదా?"

"కూసున్నది."

"నువ్వు చూసినవా?"

"చూసిన," అన్నాను. ఎరిగి ఎరిగి ఆమెతో నేనాడిన మొదటి అబద్ధం అది.

149వ రోజు

ముద్దను అరచేతుల మధ్య పెట్టి కొట్టాను. పుట్టగొడుగు ముద్దకు సాగే గుణం లేదు, వేళ్ళలోంచి రాలిపోయింది. కరుణ ఇటు తిరిగి చూసింది.

"చప్పట్లు కొడుతున్నవు అయ్యగారూ. జనం చూస్తే ఏమనుకుంటరు?"

మూడు ముక్కలు తింది. పుస్తకంలో 'తిన్నారు' అన్న చోట గుర్తు పెట్టాను.

151వ రోజు

మొన్న తిన్నది నిలవలేదు. ఇవాళ రెండో షిఫ్టు మొదట్లో కరుణమ్మ పోయింది. షాహీన్ చెయ్యి పట్టుకుని చూసి, "ఇంకో పది దినాల ముందు తెస్తే," అని ఆపేసింది.

ఆమెను మళ్ళ మట్టిలో కలిపాం. ప్రార్థన నేనే చేయాలి. నోరు పెగల్లేదు. గ్రంథంలో నా పేరే ఉన్న యాజకుడు దూత మాట నమ్మక మూగవాడయ్యాడు. ఆయనకు కొడుకు పుట్టాక మాట వచ్చింది. జనమే "విశ్రాంతి" అని మట్టి వేశారు.

158వ రోజు

కుంగినవారు పద్నాలుగు. చీటీలు లేవు.

ఓదెలు రాగి తీగల కోసం యంత్రాన్ని విప్పాడు. దీపం కింద, రేకుకు అతికి ఒక కాగితం దొరికింది. నా దగ్గరికి తెచ్చాడు.

"ఏం రాసిండ్రో చూడు బావా. నడిపే తీరు అనుకుంట. ఇప్పుడు ఎందుకు పనికొస్తదో."

చిన్న అక్షరాలు. మనసులో చదువుకున్నాను. విందు గదిలో చెయ్యి గోడ మీద రాసిన రాతను చూసి మోకాళ్ళు కొట్టుకున్న రాజు గురించి ఎన్నోసార్లు చెప్పాను. అలాంటి రాత ఇప్పుడు నా చేతిలో ఉంది.

"ఏంది బావా, మాట్లాడవు?"

దీన్ని మడిచి, దీపం మార్చే పద్ధతి అని చెప్పవచ్చు. షాహీన్‌కు కూడబలుక్కోవడమే వచ్చు, ఇంత చిన్న రాత చదివేవాణ్ణి మట్టంలో నేనొక్కణ్ణే. పైకి చదివాను.

"విశ్రాంతి అక్షరాలు పడగానే దీపం ఆర్పి, మొదటి పలకను తీసి, రెండవది పెట్టవలెను. చూచువారు పది నిమిషములు బయటకు పోయి రావచ్చును. మిగిలిన సగము కథ రెండవ పలకలో నున్నది."

ఓదెలు నేల మీద కూర్చున్నాడు. చాలాసేపు తీగ చుట్టుకుంటూ ఉన్నాడు.

"అంటే మనం అరవై ఏండ్లు సగం బొమ్మనే చూసినం."

"ఆఁ."

"అది అయిపోయినట్టు కాదు. లేచి నీళ్ళు తాగి రమ్మని."

"ఆఁ."

"ఆ పిల్ల కూసున్నదో లేదో…"

"దాన్ని నేనే కాల్చిన, ఓదెలూ."

వాడు నన్ను కొట్టి ఉంటే బాగుండేది. "అక్కకు ఏం చెప్పినవు?" అని మాత్రం అడిగాడు. చెప్పాను. తల ఊపి, తీగల చుట్ట భుజాన వేసుకుని పోయాడు. గడప దగ్గర ఆగి, నా వైపు తిరగకుండానే, "ఇగ నువ్వు తప్ప అది మొత్తం నోటికి వచ్చినోడు ఎవడున్నడు," అన్నాడు.

161వ రోజు

ఆదివారం. కాగితం అందరి ముందూ చదివాను. ఎవరూ అరవలేదు. కొందరు లేచి పోయారు. తొమ్మిదిమంది పేర్లు చదివాను. కరుణ పేరుతో పదిమంది. గ్రంథం మూసి పక్కన పెట్టాను.

అప్పుడు చెప్పడం మొదలుపెట్టాను. మేక తప్పిపోవడం దగ్గర నుంచి. అత్త గొంతు, కోడలి గొంతు, గడప మీద వాన. గోడ అవతల పదహారేళ్ళు నిలబడి పట్టుకున్నదంతా. చివర ముద్ద చేతిలోకి తీసుకుని ఎనిమిది నిమిషాలు కొట్టాను. ముందు కూర్చోబెట్టిన కుంగినవాళ్ళు అయిదుగురు. ఇద్దరు ముద్ద అడిగారు. ముగ్గురు అడగలేదు. ఆ ముగ్గురిలో ఒకడు, "కూసున్నదా?" అన్నాడు.

"తెలియదు," అన్నాను. "అది నేను కాల్చిన."

164వ రోజు

కుంగినవారు పదిహేడు. ఆదివారం ముద్ద అడగని ముగ్గురిలో ఒకరు పోయారు. ఇవాళ ఆరుగురికి చెప్పాను. ఇద్దరు తిన్నారు. బొమ్మ చూసి తినేవాళ్ళలో సగం కూడా నా కథ విని తినడం లేదు. అయినా రోజూ చెబుతాను.

అందరూ పోయాక ముద్ద రాలిన చోట తుడుస్తుంటే గడప దగ్గర నీడ పడింది. షాహీన్. లెక్క చూడడానికి వచ్చిందనుకుని పుస్తకం చాపాను. పుస్తకం తీసుకోలేదు. చేతిలో ఎర్ర చీటీ ఉంది. అందులో పేరు ఆమెదే, ఆమె చేతిరాతే. ముద్ద మానేసి నాలుగు రోజులు.

"నా మందుల పెట్టె ఎవరికన్న అప్పజెప్పాలె," అంది. "మీకే అప్పజెప్దామని వచ్చిన."

"లోపలికి రా బిడ్డా. కూసో."

కదల్లేదు. ముద్ద చేతిలోకి తీసుకున్నాను. ఒకసారి కొట్టి ఆగి, తలెత్తి చూశాను. అక్కడే నిలబడి ఉంది. ఇది రాసేంతసేపూ అక్కడే నిలబడి ఉంది. పుస్తకం పక్కన పెట్టి, మళ్ళీ కొడతాను.